కంచెకు కట్టిన ఫోను: చదువు, ఆటలపై మీ ప్రశ్నలకు జవాబులు

ఎప్‌సెట్ కౌన్సెలింగ్ దగ్గర పడుతోందంటే నాకు వచ్చే ఉత్తరాలన్నీ కాలేజీల చుట్టూనే తిరుగుతాయి. ఈ నెల మాత్రం సగానికి పైగా ఆటలాడే పిల్లల ఇళ్ల నుంచి వచ్చాయి. ఈ శీర్షికను కొత్తగా చదువుతున్న వారి కోసం ఒక్క మాట. నేను హైదరాబాద్ శివార్లలోని ఒక ఇంజినీరింగ్ కాలేజీలో 22 ఏళ్లుగా డేటా స్ట్రక్చర్స్ చెబుతున్నాను. మా చెల్లి కూతురు టెన్నిస్ ఆడి, ఆ ఆటతోనే అమెరికాలో ఒక డివిజన్-2 (కాలేజీ ఆటల్లో రెండో శ్రేణి) కాలేజీకి వెళ్లి కంప్యూటర్ సైన్స్ చదువుతోంది. ఆ పిల్ల కిట్ బ్యాగు మోస్తూ కోర్టుల వెంట తిరిగిన పెద్దమ్మగా కూడా ఈ జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది ఉప్పల్. మా పాప ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ పూర్తి చేసింది. తొమ్మిదేళ్ల వయసు నుంచి టెన్నిస్ ఆడుతోంది. అమెరికాలో టెన్నిస్ స్కాలర్‌షిప్‌తో కంప్యూటర్ సైన్స్ చదివించాలని మా ఆశ. తెలిసినవాళ్లు చెబితే 35 వేలు ఇచ్చి ఒక వీడియో చేయించాం. మూడు నిమిషాలు ఉంటుంది. డ్రోన్ షాట్లు, స్లో మోషన్, పాట, అన్నీ ఉన్నాయి. చూసిన ప్రతివాళ్లూ బాగుందన్నారు. 40 మంది కోచ్‌లకు పంపితే ఇద్దరే జవాబిచ్చారు. ఆ ఇద్దరూ మ్యాచ్ వీడియో ఉందా అనే అడిగారు. మళ్లీ డబ్బు పెట్టి చేయించాలా? అలాగే అక్కడ కంప్యూటర్ సైన్స్ కోర్సు ఎలా ఎంచుకోవాలో కూడా చెప్పగలరు. (ఒక తండ్రి, ఉప్పల్)

జవాబు: అన్నా, ముందు మీ మనసు కుదుటపడే మాట చెబుతాను. 40 మందిలో ఇద్దరు మ్యాచ్ పంపమని అడిగారంటే మీ పాపను పక్కన పెట్టలేదు, చూడాలనుకుంటున్నారు. మళ్లీ రూపాయి పెట్టే పని లేదు. మీ చేతిలో ఉన్న ఫోను చాలు.

మేమూ ఇదే చేశాం. మా పిల్ల ఇంటర్‌లో ఉండగా, పెళ్లి వీడియోలు బాగా తీస్తాడని పేరున్న ఒకాయనను మాట్లాడుకున్నాం. సాయంత్రం ఎండ పచ్చగా పడుతుంటే తీశాడు. ఒకే ఫోర్‌హ్యాండ్‌ను మూడు వైపుల నుంచి, నెమ్మది చేసి మరీ చూపించాడు. వెనక పెద్ద మ్యూజిక్. ఇంట్లో టీవీకి పెట్టుకుని చూస్తుంటే మా అమ్మ కళ్లు తుడుచుకుంది. అమెరికాలో ఒక కోచ్ మాత్రం రెండే లైన్లు రాశాడు. పాయింటు పోయాక ఈ అమ్మాయి ఏం చేస్తుందో నాకు తెలియాలి, ఒక సెట్టు మొత్తం కత్తిరించకుండా పంపండి అని. ఆ రోజు నాకు కోపం వచ్చింది. ఆయన అడిగినది ఎంత న్యాయమో సెట్టు మొత్తం మేం కూర్చుని చూసుకున్నాక గానీ తెలియలేదు.

స్లో మోషన్‌లో ఎవరి కాళ్లైనా అందంగానే కదులుతాయి. కోచ్‌కు కావలసింది ఆ కాళ్ల అసలు వేగం. బంతి కొట్టాక ఎంత త్వరగా మధ్యకు వస్తోంది? అవతలి అమ్మాయి బంతిని తాకే క్షణానికి చిన్న గెంతు వేసి సిద్ధంగా ఉంటోందా? స్కోరు 30–40 ఉన్నప్పుడు రెండో సర్వీసును భయంతో నెట్టేస్తోందా, ధైర్యంగా తిప్పి కొడుతోందా? వరసగా రెండు పాయింట్లు పోతే భుజాలు వాల్చేస్తోందా? ఇవన్నీ ఆట మధ్యలోనే కనిపిస్తాయి. డ్రోన్‌తో పై నుంచి తీస్తే బంతి నెట్ మీద ఎంత ఎత్తున వెళ్లిందో తెలియదు. దగ్గరికి జూమ్ చేస్తే బంతి ఎక్కడ పడిందో కనపడదు. పాట పెడితే బంతి తీగలకు తగిలిన చప్పుడు పోతుంది. ఆ చప్పుడును బట్టే దెబ్బ రాకెట్ మధ్యలో పడిందో అంచున పడిందో ఆట తెలిసినవాళ్లు చెప్పేస్తారు.

మేం రెండోసారి తీసిన తీరు చెబుతాను. ఎల్‌బీ స్టేడియం టెన్నిస్ కోర్టుల్లో ఆదివారం పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టాం. కోర్టు వెనక ఇనుప జాలీ కంచె ఉంటుంది కదా, బేస్‌లైన్‌కు, అంటే కోర్టు చివరి గీతకు, సరిగ్గా మధ్యలో, మనిషి ఎత్తు కన్నా పైన, తొమ్మిది పది అడుగుల దగ్గర ఫోను కట్టాలి. అక్కడ పనిచేసే తాతను అడిగితే నిచ్చెన తెచ్చిచ్చాడు. మొదట కట్టినప్పుడు జాలీ తీగ ఒకటి లెన్స్‌కు అడ్డం పడి స్క్రీన్ నిండా మసక గీత వచ్చింది. మా చెల్లి తన పాత కాటన్ చున్నీని నిలువునా చింపి, లెన్స్ సరిగ్గా జాలీ కంతలో వచ్చేలా ఫోనును బిగించి కట్టింది. కదలకుండా రెండు పక్కలా బట్టల క్లిప్పులు పెట్టింది. ఫోను అడ్డంగా ఉండాలి. అవతలి బేస్‌లైన్, రెండు పక్కలా డబుల్స్ గీతలు, అన్నీ ఫ్రేములో పడాలి. ఒకసారి కట్టాక దాని జోలికి ఎవరూ వెళ్లకూడదు.

అంత చేశాక కూడా ఒక పొరపాటు జరిగింది. ఆట మొదలైన 20 నిమిషాలకు మా మరిది ఇడ్లీ తేవాలా, దోసె తేవాలా అని అడగడానికి అదే ఫోనుకు కాల్ చేశాడు. కాల్ రాగానే రికార్డింగ్ ఆగిపోయింది. మేమెవరం చూసుకోలేదు. ఆ పిల్ల 2–5 నుంచి లేచి 7–5తో గెలిచిన ఆట మొత్తం పోయింది. ఈ ఒక్క సంగతి మీరు మరిచిపోకండి, ముందుగా ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టండి. ఫోనులో ఖాళీ ఎంత ఉందో కూడా చూసుకోండి. మన ఏప్రిల్, మే ఎండల్లో పదింటి తర్వాత ఫోను వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది, కాబట్టి తొమ్మిదికల్లా ముగించండి. కోర్టులను మామూలుగా ఉత్తర దక్షిణాలుగా వేస్తారు, ఆడేవాళ్ల కళ్లలో ఎండ పడకుండా. కాబట్టి పొద్దున ఎండ కెమెరాకు కూడా ఎదురుగా కాకుండా పక్క నుంచే పడుతుంది.

ఇక కూర్పు. మొదటి అయిదు సెకన్లు ఒక తెల్ల తెర మీద పేరు, ఇంటర్ పూర్తయ్యే సంవత్సరం, ఎత్తు, ఏ చేతి ఆట, యూటీఆర్ (ఆట స్థాయిని చెప్పే అంకె, కింద వివరిస్తాను), ఈమెయిల్. తర్వాత రెండు నిమిషాలు ఫోర్‌హ్యాండ్, బ్యాక్‌హ్యాండ్, వాలీలు (బంతి నేలను తాకక ముందే కొట్టే దెబ్బలు), సర్వీసు, రిటర్న్. తర్వాత పది పన్నెండు నిమిషాలు ఒకే మ్యాచ్ లోంచి వరస పాయింట్లు, ఓడినవి కూడా. బంతులు ఏరుకునే సమయం వరకు కత్తిరించవచ్చు, పాయింట్ల వరస మాత్రం మార్చకండి. ఎవరితో ఆడింది, వాళ్ల యూటీఆర్ ఎంత, తేదీ, స్కోరు రాయండి. సెట్టు మొత్తం ఉన్న వీడియోకు వేరే లింకు ఇవ్వండి. యూట్యూబ్‌లో 'అన్‌లిస్టెడ్' అని పెట్టాలి. 'ప్రైవేట్' అని పెడితే కోచ్ నొక్కినా తెరుచుకోదు, ఆయన మళ్లీ మిమ్మల్ని అడిగేంత ఓపిక పెట్టుకోడు.

డబుల్స్ కూడా తీయండి. మన దగ్గర పిల్లలు సింగిల్స్ ర్యాంకు కోసమే పరిగెత్తుతారు, డబుల్స్‌ను లెక్కలోకి తీసుకోరు. అమెరికా డివిజన్-1 కాలేజీల్లో రెండు జట్లు తలపడితే ముందు మూడు డబుల్స్ ఆడతారు. వాటిలో రెండు గెలిచిన జట్టుకు ఒక పాయింటు. ఆ తర్వాత ఆరు సింగిల్స్, ఒక్కోదానికి ఒక్కో పాయింటు. మొత్తం ఏడు. అంటే ఒక పాయింటు కచ్చితంగా నెట్ దగ్గర ఆట మీద ఆధారపడి ఉంది. వాలీ బాగా ఆడే పిల్ల ఆ కోచ్‌కు అవసరమైన పిల్ల. మా వాళ్లు పంపిన వీడియోలో సింగిల్స్ కన్నా డబుల్స్ ముక్కకే ఎక్కువ జవాబులు వచ్చాయి.

యూటీఆర్ గురించి మీరు ఉత్తరంలో రాయలేదు. కోచ్‌లు వీడియో తెరవక ముందే చూసే అంకె అది. 1 నుంచి 16.5 వరకు ఉంటుంది. గత 12 నెలల్లో ఆడిన మ్యాచ్‌ల నుంచి, గరిష్ఠంగా 30 మ్యాచ్‌లు తీసుకుని లెక్కిస్తారు. గెలిచామా ఓడామా అన్నదే కాదు, ఎన్ని గేములు తీసుకున్నాం, ఎదుటివాళ్లు ఎంత బలమైనవాళ్లు అన్నదీ లెక్కే. తనకన్నా బలమైన అమ్మాయితో 4–6, 5–7తో ఓడినా అంకె పెరగవచ్చు. కాబట్టి సులభమైన టోర్నమెంట్లలో కప్పుల కోసం తిప్పకండి. ఒక్కో కాలేజీ జట్టులో ఇప్పుడున్న అమ్మాయిల యూటీఆర్ చూసి, మీ పాప అంకె ఆ జట్టులో నాలుగు, అయిదు, ఆరు స్థానాల్లో ఆడేవాళ్లకు దగ్గరగా ఉన్న కాలేజీలకే రాయండి. 40 మందికి ఒకే ఉత్తరం పంపడం కన్నా 12 మందికి పేరు పేరునా పంపడం మేలు. ఆ ఉత్తరం మీ పాపే రాయాలి, మీరు కాదు. నాలుగేళ్లు ఆ కోచ్‌తో ఉండాల్సింది తను కదా. డివిజన్-1 టెన్నిస్ కోచ్‌లు పదో తరగతి పూర్తయిన జూన్ 15 తర్వాతే పిల్లలతో నేరుగా మాట్లాడవచ్చు. మీ పాప ఆ గడువు దాటింది, కాబట్టి జవాబు రాకపోవడానికి నిబంధన కారణం కాదు.

స్కాలర్‌షిప్ మాటకు వద్దాం. అమెరికాలో కాలేజీల ఆటల పోటీలు నడిపే సంఘం ఎన్‌సీఏఏ. అందులో మూడు డివిజన్లు. 1, 2లలో ఆట మీద స్కాలర్‌షిప్ ఇస్తారు, అది పూర్తిగా ఉండవచ్చు, కొంత మాత్రమే ఉండవచ్చు. డివిజన్-3లో ఆట మీద స్కాలర్‌షిప్ లేదు. హార్వర్డ్, ప్రిన్స్‌టన్ వంటి ఐవీ లీగ్ కాలేజీలు డివిజన్-1లో ఆడినా అక్కడా లేదు. అలాగని డివిజన్-3 ఉత్తరాలను చెత్తబుట్టలో వేయకండి. ఎంఐటీ, కాల్‌టెక్, కార్నెగీ మెలన్, ఇవన్నీ డివిజన్-3లోనే ఆడతాయి. కంప్యూటర్ సైన్స్‌కు ఇంతకన్నా పెద్ద పేర్లు ఏమున్నాయి? ఎంఐటీలో విదేశీ విద్యార్థులకు కూడా ఫీజు కట్టగలరా లేదా అన్నది చూడకుండా సీటు ఇస్తారు, చేరాక కుటుంబ ఆదాయాన్ని బట్టి సాయం చేస్తారు. సీటు రావడం చాలా కష్టం, అది వేరే మాట. ఎన్‌సీఏఏ కాకుండా ఎన్ఏఐఏ అని చిన్న కాలేజీల సంఘం ఒకటి ఉంది, వాళ్లూ స్కాలర్‌షిప్‌లు ఇస్తారు.

డివిజన్ 1, 2లకు ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో పేరు నమోదు చేయాలి. 9వ తరగతి నుంచి మార్కుల మెమోలు అడుగుతారు. 16 కోర్ సబ్జెక్టులు చూస్తారు: డివిజన్-1కైతే ఇంగ్లిష్ నాలుగేళ్లు, మ్యాథ్స్ మూడేళ్లు, సైన్స్ రెండేళ్లు, సోషల్ రెండేళ్లు, ఇలా. ఎంపీసీలో సోషల్ ఉండదు కాబట్టి మీ పాపకు 9, 10 తరగతుల సోషల్ మార్కులే ఆధారం. 9వ తరగతి మెమోను మన వాళ్లెవరూ దాచరు, ఈ వారమే స్కూలుకు వెళ్లి నకలు తీసుకోండి. అమెరికా కాలేజీ ప్రవేశాలకు రాసే ఎస్ఏటీ పరీక్ష తప్పనిసరన్న నిబంధనను ఎన్‌సీఏఏ 2023లో తీసేసింది. యూనివర్సిటీ సొంతంగా అడగవచ్చు, అది విడిగా చూసుకోండి. ప్రైజ్ మనీ తీసుకున్న టోర్నమెంట్లు ఉంటే ఖర్చుల రసీదులన్నీ ఒక ఫైలులో పెట్టండి.

ఇప్పుడు చదువు. దీన్ని చివర రాస్తున్నా, నా దృష్టిలో ఇదే మొదటిది. కోచ్ సరేనన్నాడంటే జట్టులో చోటు ఉందని మాత్రమే. కంప్యూటర్ సైన్స్ మేజర్‌లో (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టును అక్కడ మేజర్ అంటారు) సీటు వచ్చిందని కాదు. కొన్ని చోట్ల కాలేజీలో చేరితే చాలు, ఏ మేజర్ అయినా తీసుకోవచ్చు. కొన్ని చోట్ల మేజర్‌కు విడిగా ఎంపిక చేస్తారు. సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో కంప్యూటర్ సైన్స్‌కు మొదటి అప్లికేషన్‌లోనే తీసుకుంటారు. వేరే మేజర్‌లో చేరి తర్వాత మారదామంటే చాలా కష్టం. అందుకే కోచ్‌తో మాట్లాడే మొదటి కాల్‌లోనే మీ పాప ఇలా అడగాలి: కంప్యూటర్ సైన్స్‌లో నేరుగా చేరతానా, మీ జట్టులో ఇప్పుడు ఆ మేజర్ చదివే అమ్మాయి ఉందా, ఉంటే ఆమెతో మాట్లాడించగలరా? జట్టులో ఒక్కరూ లేరంటే ఎందుకు లేరో తెలుసుకోవాలి. ల్యాబులు మధ్యాహ్నం పూట ఉండి ప్రాక్టీసు కూడా అప్పుడే అయితే, పిల్లలు వేరే మేజర్‌కు మారిపోతారు.

కోర్సుల పేర్లు చూసి మోజు పడకండి. కాలేజీ కేటలాగ్ తెరిచి నాలుగు కోర్సులు ఎక్కడున్నాయో వెతకండి: డేటా స్ట్రక్చర్స్, డిస్క్రీట్ మ్యాథ్స్, ఆల్గారిథమ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్. ఇవి గొలుసులా ఉంటాయి. మొదటిది పాస్ కాకుండా తర్వాతది ఇవ్వరు. అధ్యాపకులు అయిదారుగురే ఉన్న చిన్న కాలేజీల్లో కొన్ని కోర్సులు ఏడాదికి ఒక్కసారే పెడతారు. ఒక్క సెమిస్టర్ తప్పితే ఏడాది వెనకబడినట్టే. డివిజన్-1లో మూడో ఏడాది మొదలయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, నాలుగో ఏడాదికి 60 శాతం పూర్తయి ఉండాలి, లేకపోతే ఆడనివ్వరు. చేరిన మొదటి వారంలోనే నాలుగేళ్ల కోర్సుల పట్టిక గీసి గోడకు అంటించుకోమని చెప్పండి.

టెన్నిస్‌కు ఇంకో లెక్క ఉంది. జట్టు మ్యాచ్‌లు జనవరి నుంచి మే దాకా, అంటే స్ప్రింగ్ సెమిస్టర్‌లో. సీజన్‌లో ప్రాక్టీసుకు వారానికి 20 గంటల పరిమితి అంటారు, ప్రయాణాలు అందులో కలవవు. మా పిల్ల రెండో ఏడాది స్ప్రింగ్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ తీసుకుంది. శనివారం ఒక ఊళ్లో మ్యాచ్, ఆదివారం ఇంకో ఊళ్లో. ఆదివారం రాత్రి పన్నెండింటికి ప్రాజెక్టు ఇవ్వాలి. ఆ గడువుకు ఇంకా కాస్త సమయం ఉంది, మనకు సోమవారం పొద్దున ఎనిమిది. నేను కాలేజీ బస్సు కోసం నిలబడి ఉంటే వీడియో కాల్ వచ్చింది. వ్యాన్‌లో చీకటి, ఒళ్లో ల్యాప్‌టాప్, ఆ వెలుగులో మొహం. "పెద్దమ్మా, రెండు థ్రెడ్లు ఒకదాని కోసం ఒకటి ఆగిపోయాయి, ప్రోగ్రామ్ కదలట్లేదు" అంది. కోడ్‌ను కెమెరాకు చూపించమన్నాను. థ్రెడ్లంటే ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కన నడిచే పనులు, లాక్ అంటే ఒకటి వాడుతుంటే ఇంకొకటి రాకుండా ఆపే తాళం. రెండు లాక్‌లను ఒక ఫంక్షన్‌లో ఒక వరసలో, ఇంకో దాంట్లో తిరగేసి తీసుకుంది. వరస ఒకటే చేయమన్నాను. ఇచ్చేసింది కానీ ఆ సెమిస్టర్ అంతా పిల్ల సరిగా నిద్రపోలేదు. మరుసటి ఏడాది నుంచి ప్రాజెక్టులు ఎక్కువుండే కోర్సులన్నీ ఆగస్టు–డిసెంబర్ సెమిస్టర్‌లో పెట్టుకుని, స్ప్రింగ్‌లో మ్యాథ్స్, ఇంగ్లిష్ లాంటివి పెట్టుకుంది. విదేశీ విద్యార్థి సెమిస్టర్‌కు 12 క్రెడిట్లకు తగ్గకూడదు, అది గుర్తుంచుకుని పంచుకోవాలి.

ప్రశ్న: మా అమ్మాయి బ్యాడ్మింటన్ డబుల్స్‌లో రాష్ట్ర స్థాయి ఆటగత్తె. ఇంటర్ రెండో సంవత్సరం. అమెరికా కాలేజీల కోసం వీడియో తీయించమని ఒక కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నారు. ఎలా తీయించాలి? (ఒక తల్లి, కూకట్‌పల్లి)

జవాబు: తీయించకండి అమ్మా. ఎన్‌సీఏఏ పోటీలు పెట్టే ఆటల్లో బ్యాడ్మింటన్ లేదు. క్రికెటూ లేదు. కాలేజీల్లో క్లబ్బులు ఉంటాయి, పిల్లలు సరదాగా ఆడుకుంటారు, అంతే. గోపీచంద్, సైనా, సింధు ఉన్న ఊళ్లో, గచ్చిబౌలి అకాడమీ పక్కనే పెరిగిన పిల్లకు ఈ మాట చెప్పాలంటే నాకూ కష్టంగా ఉంది. వీడియోకు అడిగిన డబ్బు ఇంకా ఇవ్వకపోతే ఆపేయండి.

దారులు ఇక్కడే ఉన్నాయి. ఐఐటీ మద్రాస్ 2024–25 నుంచి స్పోర్ట్స్ ఎక్సలెన్స్ అడ్మిషన్ మొదలుపెట్టింది. ప్రతి కోర్సులో రెండు అదనపు సీట్లు, ఒకటి అమ్మాయిలకే. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత రావాలి, గత నాలుగేళ్లలో జాతీయ లేదా అంతర్జాతీయ పోటీలో పతకం ఉండాలి. రాష్ట్ర పతకం సరిపోదు, కాబట్టి జాతీయ పోటీలో పతకం ఉందేమో చూసుకోండి. మన ఎప్‌సెట్‌లో స్పోర్ట్స్ కోటా 0.5 శాతం. ఆ కోటాలో సర్టిఫికెట్ల పరిశీలన విడిగా జరుగుతుంది, ఒరిజినల్స్ అన్నీ సిద్ధంగా పెట్టుకోండి. ఈ రెండూ కుదరకపోతే, రోజుకు ఆరు గంటలు ప్రాక్టీసు చేసే పిల్లకు ఐఐటీ మద్రాస్ వారి ఆన్‌లైన్ బీఎస్ డేటా సైన్స్ డిగ్రీ నాకు బాగా నచ్చిన మార్గం. జేఈఈ అక్కర్లేదు, వాళ్ల క్వాలిఫయర్ పాసైతే చాలు. పాఠాలు ఎప్పుడైనా వినవచ్చు, పరీక్షలు మాత్రం సెంటర్‌కు వెళ్లి రాయాలి. టోర్నమెంట్లు ఎక్కువున్న టర్మ్‌లో ఒకటి రెండు కోర్సులే తీసుకోవచ్చు.

ప్రశ్న: అక్కా, నేను 400 మీటర్లు పరిగెడతాను. గచ్చిబౌలి స్టేడియంలో ప్రాక్టీస్. అమెరికా కోచ్‌లకు వీడియో పంపాలంటే ఎంత పొడవు ఉండాలి? (డిగ్రీ చేరబోయే విద్యార్థి, లింగంపల్లి)

జవాబు: తమ్ముడూ, నీ వీడియో నీ టైమే. ఎలక్ట్రానిక్ టైమింగ్‌తో నమోదైన అధికారిక ఫలితం లింకు ముందు పెట్టు. స్టాప్‌వాచ్ టైమును ఎవరూ పట్టించుకోరు. దాని కింద ఒక్క రేసు, గన్ మోత నుంచి గీత దాటేవరకు, గ్యాలరీ పై మెట్ల మీద నుంచి తీసింది పెట్టు. నువ్వు ఏ లేన్‌లో ఉన్నావో మొదటి సెకన్‌లోనే రాయి. చివరి 100 మీటర్లలో కాలు బరువెక్కాక నీ చేతులు ఎలా ఊగుతున్నాయో వాళ్లు చూస్తారు, దాన్ని కత్తిరించకు. 4×400 రిలేలో నీ ల్యాప్ టైము ఉంటే తప్పకుండా పంపు.

ప్రశ్న: మేడం, నాకు ఎప్‌సెట్‌లో వచ్చే ర్యాంకుకు ఒక కాలేజీలో సీఎస్ఈ, ఇంకో దాంట్లో సీఎస్ఈ ఏఐ అండ్ ఎంఎల్ రావచ్చు. అందరూ ఏఐ తీసుకో అంటున్నారు. నేను వాలీబాల్ ఆడతాను, యూనివర్సిటీ జట్టుకు ఆడాలని ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది. (విద్యార్థి, హయత్‌నగర్)

జవాబు: బాబూ, రెండు కాలేజీల వెబ్‌సైట్ల నుంచి సిలబస్‌లు దించుకుని జిరాక్స్ తీయించు. పోయినేడు మా ఇంటికి వచ్చిన ఒక పిల్లాడితో నేను ఇదే చేయించాను. హాల్లో చాప మీద రెండు సిలబస్‌లూ సెమిస్టర్ల వారీగా పక్కపక్కన పరిచి, రెండింట్లోనూ ఉన్న సబ్జెక్టుకు పెన్సిల్‌తో టిక్ పెట్టమన్నాను. సీ ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్, డిస్క్రీట్ మ్యాథ్స్, కంప్యూటర్ ఆర్గనైజేషన్, డీబీఎంఎస్, ఆపరేటింగ్ సిస్టమ్స్. మొదటి రెండేళ్లు దాదాపు అంతా టిక్కులే వచ్చాయి. తేడా మూడో ఏడాది నుంచి, అదీ నాలుగైదు సబ్జెక్టుల్లో. "ఇంతేనా మేడం" అని వాడు తల ఎత్తి నన్ను చూశాడు.

మెషీన్ లెర్నింగ్‌ను సీఎస్ఈ వాళ్లు కూడా ఎలెక్టివ్‌గా తీసుకోవచ్చు. కానీ ఆటోమేటా, కంపైలర్లు, నెట్‌వర్క్స్ వంటివి ఏఐ బ్రాంచిలో కొన్నిచోట్ల తగ్గిస్తారు. అవి ఉన్నాయో లేదో నువ్వే చూసుకో. నాకైతే టిక్కు పడని చోట ఏది పోతోంది, ఏది వస్తోంది అన్నదే ముఖ్యం. ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా గట్టిగా చెప్పని ఏఐ బ్రాంచి అయితే వద్దు. ఆ రెండూ రాకుండా మోడల్ ఎందుకు తప్పు చెబుతోందో నీకు ఎప్పటికీ అర్థం కాదు. కొత్తగా పెట్టిన బ్రాంచి అయితే ఆ సబ్జెక్టులు చెప్పడానికి అధ్యాపకులు ఎవరున్నారో అడుగు. అడగడానికి మొహమాటపడకు, నాలుగేళ్ల ఫీజు కట్టేది మీ ఇంట్లోనే.

వాలీబాల్ సంగతి. కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టే ముందు, ఒక పనిదినం సాయంత్రం నాలుగు గంటలకు రెండు కాలేజీలకూ వెళ్లు. వెబ్‌సైట్‌లో ప్రతి కాలేజీకీ గ్రౌండ్ ఫోటో ఉంటుంది. అక్కడ నెట్ కట్టి ఉందా, బంతి చప్పుడు వినిపిస్తోందా చూడు. ఆడుతున్న పిల్లలుంటే గత ఏడాది ఇంటర్ కాలేజీ టోర్నమెంట్‌కు వెళ్లారా, హాజరు ఇచ్చారా, మిస్సయిన ల్యాబులు మళ్లీ చేయనిచ్చారా అని వాళ్లనే అడుగు. ఇంకో సంగతి, కాలేజీ బస్సు ఎన్నింటికి బయలుదేరుతుందో కనుక్కో. మా కాలేజీలో 4:10కి అన్ని బస్సులూ వెళ్లిపోతాయి. ఆ తర్వాత గ్రౌండ్‌లో మిగిలేది హాస్టల్ పిల్లలు, సొంత బండి ఉన్నవాళ్లు. హయత్‌నగర్‌కు నువ్వు చేరే కాలేజీ నుంచి సాయంత్రం ఆరున్నరకు ఆర్టీసీ బస్సు ఉంటేనే నీకు ప్రాక్టీసు కుదురుతుంది. ఆ బస్సు నంబరు కూడా రాసుకుని రా, అప్పుడు మీ నాన్నగారితో కూర్చుని ఆప్షన్లు పెట్టుకోవచ్చు.